వంటగదికి ఏమైనా చెప్పాలా?

అమెరికాలో, మోరిస్‌విల్‌లో బాలింతలకు పథ్యం వండి పంపే సుబ్బులుకి ఈ లోకంలో గిట్టనివి రెండే రెండు. ఒకటి, కాన్పయిన మూడో రోజునే ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు తినే బాలింత. రెండోది, తన సొంత వెబ్‌సైటు.

ఆ వెబ్‌సైటు పెట్టింది పరాయివాళ్ళెవరూ కాదు, కన్నకూతురు భవితే. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, రిసెర్చ్ పార్కులో ఉద్యోగం చేస్తున్న పిల్ల. తల్లి ఆర్డర్లన్నీ క్యాలెండరు వెనకా, కూరగాయల సంచుల మీదా, ఒక్కోసారి తన అరచేతిలోనూ రాసుకోవడం చూడలేక, ఒక వారాంతం కూర్చుని "సుబ్బులు గారి పథ్యం" అని పేరు పెట్టి చక్కగా తయారు చేసి ఇచ్చింది. పేరు, ఇల్లు, కాన్పయి ఎన్నో రోజు, మామూలు కాన్పా పెద్దాపరేషనా, కారం ఎంత, అన్నీ వరసగా అడుగుతుంది. నలభై రోజులకు నలభై డబ్బాలు. అన్నిటికన్నా కింద ఒక పెద్ద ఖాళీ గడి ఉంటుంది. దాని పైన "వంటగదికి ఏమైనా చెప్పాలా?" అని ఉంటుంది.

"అక్కడ వాళ్ళు రాస్తే మనకే కనిపిస్తుంది అమ్మా. నువ్వు ఆన్సర్ రాస్తే వాళ్ళకి మాత్రమే వెళ్తుంది. ప్రైవేట్," అని భవిత విడమరిచి చెప్పింది.

"చెప్పాలంటే నోటితో చెప్తారు గానీ గడిలో రాయడమేంటే? ఇదేమన్నా ఇమ్మిగ్రేషన్ ఫారమా?" అంది సుబ్బులు.

ఆ తర్వాత ఆవిడ ఆ గడి వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. పొద్దున్నే భవిత లేబుళ్ళు ప్రింట్ చేసి ఇస్తుంది. వాటి మీద పేరూ, ఎన్నో రోజూ, కారం ఎంతో ఉంటే చాలు, మిగతాదంతా తన చేతిలో పని.

ఆవిడ కోపానికి కారణం లేకపోలేదు. మొదట్లో ఏ నెలలో అయినా ముగ్గురో నలుగురో బాలింతలుండేవారు. నలభయ్యో డబ్బా సుబ్బులే స్వయంగా పట్టుకెళ్ళి, బిడ్డను ఒళ్ళో వేసుకుని, తల్లికి నాలుగు జాగ్రత్తలు చెప్పి వచ్చేది. ఆ తర్వాత కూడా పది రోజులకోసారి ఫోన్ చేసి పాలు పడుతున్నాయా, నిద్ర పడుతోందా అని అడిగేది. ఇప్పుడు ఒక్కసారే ముప్ఫైమంది. అమ్మకి వీసా స్లాట్ దొరకని వాళ్ళూ, అత్తగారొచ్చినా ఆవిడకి వంట రాని వాళ్ళూ, అంతా సుబ్బులు మీదే పడ్డారు. నలభై రోజులు పూర్తవగానే వెబ్‌సైటు దానంతటదే ఒక ఈమెయిల్ పంపేస్తుంది: "ధన్యవాదాలు. త్వరలోనే మళ్ళీ మా సేవలు వినియోగించుకుంటారని ఆశిస్తున్నాం." పక్క ఊరు కేరీలో ఒక కవలల తల్లి అది చదివి ఫోన్ చేసి, "త్వరలోనే అంటే ఎప్పటికి కనమంటారు ఆంటీ?" అని అడిగింది. సుబ్బులు సిగ్గుతో చచ్చిపోయింది.

అప్పుడే భవిత రెండో దారి చూపించింది. "ఆర్డర్స్ వెబ్‌సైట్‌లో తీసుకుందాం. టచ్‌లో ఉండటానికి ఇన్‌స్టా, ఫేస్‌బుక్ పేజీ పెడదాం. నీకు మాట్లాడటం ఇష్టం కదా? అక్కడ మాట్లాడు," అంది.

ఇక చూడాలి సుబ్బులు సంబరం. చేపని నీళ్ళలో వదిలినట్టయింది. వెల్లుల్లి కారం దంచుతూ ఒక వీడియో, మునగాకూ, నూనె తీసిన నువ్వుల తెలగపిండీ వేసి కూర వండుతూ ఒక వీడియో, శొంఠి ఎలా వేయించాలో తెలియని పిల్లల్ని తిడుతూ ఒక వీడియో. తిట్లున్న వీడియోనే అందరికీ తెగ నచ్చింది. ఎక్కడో దూరాన ఫ్రిస్కో ఊరి నుంచీ, ఎడిసన్ నుంచీ ఆడపిల్లలు పేజీలోకి వచ్చి ప్రశ్నలు అడిగేవారు. ఆవిడ ఒక్కరిని కూడా వదలకుండా జవాబిచ్చేది. పాత బాలింతలంతా మళ్ళీ దొరికారు. తమ పిల్లల తొలి పళ్ళూ, తొలి అడుగులూ, కిండర్‌గార్టెన్ మొదటి రోజు ఫొటోలూ పేజీలో పెట్టేవారు. "చూడండి, నా డబ్బా తిన్న తల్లి పాలు తాగిన బిడ్డ ఎంతవాడయ్యాడో," అని ఆవిడ భర్త ఈశ్వరయ్యకి చూపించి కళ్ళు తుడుచుకునేది. నిజానికి ఆవిడ జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. ఆ మాట మనం ఒప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగిన తప్పు కూడా ఆ సంతోషంలోంచే వచ్చింది.

ఏప్రిల్ మొదటి వారంలో దేదీప్య ఆర్డర్ వచ్చింది. దగ్గర్లోనే ఏపెక్స్ ఊళ్ళో కొత్త ఇళ్ళ వైపు ఉంటుంది. మొదటి డబ్బా ఇవ్వడానికి సుబ్బులే వెళ్ళింది. ఈశ్వరయ్య కారు నడిపాడు. వానప్రస్థానికి పోవాల్సిన వయసులో తనని డెలివరీ బాయ్‌ని చేశారని గొణుగుతాడు గానీ, ఆయన లేనిదే ఈ వ్యాపారం గుమ్మం దాటదు. తలుపు తీసిన అమ్మాయి పాలిపోయి ఉంది. ఇరవై తొమ్మిదో ముప్ఫయ్యో ఉంటాయి. "థ్యాంక్స్ ఆంటీ," అని డబ్బా అందుకుని, లోపలికి రమ్మనకుండానే తలుపు వేసేసింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. బిడ్డ పడుకుని ఉంటుందిలే అనుకుంది సుబ్బులు.

ఆ పిల్ల మొహం ఆవిడ మనసులో ఉండిపోయింది. నాలుగో రోజున డబ్బా గుమ్మం ముందు పెట్టి, పైన్ చెట్ల పుప్పొడి పడి మెట్లన్నీ పసుపు రాసినట్టుంటే ముచ్చటేసి, ఫోన్ తీసి ఒక ఫొటో కొట్టింది. పసుపు గడప, దాని మీద డబ్బా, డబ్బా మీద లేబుల్. కారులో కూర్చోగానే పేజీలో పెట్టింది. కింద ఇలా రాసింది: "మా దేదీప్య తల్లికి నాలుగో రోజు పథ్యం. అందరూ దీవించండమ్మా."

అందరూ దీవించారు. గంటలో రెండువందలమంది దీవించారు. మధ్యలో హాసిని అనే అమ్మాయి, "దేదీప్యకి డెలివరీ అయ్యిందా?! మా టీమ్‌లో ఎవరికీ తెలీదు! బాబా, పాపా?" అని రాసింది. ఇంకొకరు, "మొన్న హోలీకి కూడా రాలేదు, అందుకా!" అని రాశారు. సుబ్బులు సంతోషంగా అందరికీ చేతులు జోడించిన బొమ్మలు పెట్టుకుంటూ పోయింది.

మధ్యాహ్నం రెండింటికి భవిత ఆఫీస్ నుంచి ఫోన్ చేసింది. గొంతు మామూలుగా లేదు.

"అమ్మా, ఏపెక్స్ ఆర్డర్ క్యాన్సిల్ అయ్యింది. నువ్వు ఫొటో పెట్టావా? ఫస్ట్ అది డిలీట్ చెయ్యి. ప్లీజ్. ఇప్పుడే."

"ఏమైందే?"

"నోట్స్‌లో రాసిందమ్మా. ఫస్ట్ డేనే రాసింది. నువ్వు చూడలేదు. నేను లేబుల్ మీద అది ప్రింట్ చెయ్యను కదా... నా ఫాల్ట్ కూడా." ఆ గడిలో ఉన్నది చదివి వినిపించింది. "దయచేసి మా పేరు ఎక్కడా చెప్పకండి. బాబు ఎనిమిది వారాలు ముందే పుట్టాడు, ఎన్ఐసీయూలో ఉన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఎవరికీ చెప్పదలచుకోలేదు. మీ డబ్బా మీద కూడా పేరు రాయకపోతే మంచిది."

సుబ్బులు చేతిలో ఉన్న గరిటె పక్కన పెట్టడం కూడా మర్చిపోయి అలాగే కుర్చీలో కూలబడింది. నెలలు నిండని పిల్లల్ని గాజు పెట్టెల్లో పెట్టి కాపాడే ఆ వార్డు ఆవిడకి తెలుసు. అలాంటి తల్లులకు ఇంతకుముందూ వండింది. పాలు పిండి సీసాల్లో పట్టుకెళ్ళి, గంటల తరబడి ఆ పెట్టె పక్కన కూర్చుంటారు. వాళ్ళకి తిండి మీద ధ్యాసే ఉండదు. ఎవరో ఒకరు వండి చేతిలో పెడితే తప్ప తినరు.

ఫొటో తీసేసింది. తీసేసినంత మాత్రాన చూసినవాళ్ళు మర్చిపోతారా? సాయంత్రం దేదీప్య భర్త అద్వైత్ ఫోన్ చేశాడు. వరంగల్ కుర్రాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆంటీ, మీరు పెద్దోళ్ళు, మిమ్మల్ని ఏమనలేను. కానీ మేం రాసినం కదా. ఇంతకుముందు రెండుసార్లు పోయినయ్ ఆంటీ. అప్పుడు అందరికీ చెప్పుకున్నం. తర్వాత ఆ అందరికీ మళ్ళీ ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది, లేదు, ఇగ లేదు అని. ఒక్కొక్కళ్ళకి. ఈసారి అట్ల వద్దని, మా ఇంట్ల కూడా చెప్పలె. పొద్దటి నుంచి దానికి కంగ్రాట్స్ మెసేజ్‌లు వస్తున్నయ్. బాబు పక్కన కూర్చుని ఫోన్ చూసి ఏడుస్తుంది."

"బాబూ..." అంది సుబ్బులు.

"ఇగ డబ్బాలు వద్దు ఆంటీ. ఉంటాను," అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్న, షాపుల వరసలో అద్దెకు తీసుకున్న వంటగదికి కూతురు వచ్చేసరికి సుబ్బులు ఒక పెద్ద క్షమాపణ రాసి పెట్టుకుంది, పేజీలో పెట్టడానికి. తప్పు తనదేననీ, బుద్ధి గడ్డి తిందనీ, ఏపెక్స్‌లో ఉన్న ఆ తల్లికి చేతులెత్తి దండం పెడుతున్నాననీ. భవిత చదివి తల అడ్డంగా ఊపింది.

"అమ్మా, ఇది కూడా మళ్ళీ ఆవిడ గురించే అందరికీ చెప్పడం."

"తప్పు అందరి ముందూ చేశాను కదే. అందరి ముందూ ఒప్పుకోవద్దా?"

"నీకు బెటర్‌గా అనిపిస్తుంది. ఆవిడకి?"

సుబ్బులు తను రాసిన క్షమాపణ మళ్ళీ మొదటి నుంచీ చదువుకుంది. పేజీలో నాలుగువేలమంది తన మాట వినడానికి సిద్ధంగా ఉన్నారు. వినాల్సిన ఒక్క మనిషీ ఆ నాలుగువేలలో లేదు. ఫోన్ చేస్తే ఎత్తదు, ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లదు. అప్పుడు, వ్యాపారం మొదలెట్టాక తొలిసారి, ఆవిడే అడిగింది.

"ఆ గడి... వంటగదికి ఏమైనా చెప్పాలా అని ఉంటుంది చూడు. ఆర్డర్ రద్దయినా అందులో రాయొచ్చా?"

"రాయొచ్చు. ఆవిడకి మెయిల్‌లో వెళ్తుంది. చదివితే ఇక్కడ చిన్న టిక్ పడుతుంది."

కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ సుబ్బులు రాసింది: "దేదీప్యా, తప్పు నాది. నువ్వు రాసింది నేను చదవలేదు. ఫొటో తీసేశాను. నువ్వు రాసిన మిగతా సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పను. రేపటి నుంచి రోజూ పదకొండింటికి మా వంటగది గుమ్మం పక్క బల్ల మీద ఒక డబ్బా ఉంటుంది. దాని మీద పేరుండదు. మీరు హాస్పిటల్‌కి వెళ్ళే దారే కాబట్టి చెప్తున్నాను. తీసుకోకపోయినా ఏమీ అనుకోను. జవాబు అక్కర్లేదు."

సాయంత్రానికి టిక్ పడింది. జవాబు రాలేదు.

మర్నాడు డబ్బా బల్ల మీద పెట్టింది. ఒంటిగంటకి అక్కడే ఉంది. ఆ మర్నాడూ అంతే. రోజూ ఆ గడిలో ఒక్క వాక్యం రాసేది, అంతకు మించి రాయడానికి తనకు హక్కు లేదనుకుని. "ఈరోజు పాత బియ్యం అన్నం, పొట్లకాయ కూర, శొంఠి కారం." "ఈరోజు తెలగపిండి, మునగాకు. పాలు బాగా పడతాయి." బాబు ఎలా ఉన్నాడని మాత్రం అడగలేదు. అడగాలని వేళ్ళు కొట్టుకునేవి. ఎన్నిసార్లో టైపు చేసి చెరిపేసింది. ప్రతి వాక్యం పక్కనా టిక్ పడేది. ఆ టిక్కే ఆవిడకి కొండంత ధైర్యం.

మిగిలిపోయిన డబ్బాలు పారేయడానికి మనసొప్పక ఈశ్వరయ్యకి పెట్టేది. ఆరో రోజున ఆయన కంచం ముందు కూర్చుని దండం పెట్టాడు.

"ఒసేయ్, అరవై మూడేళ్ళ మగాణ్ణి. వారం రోజుల నుంచి బాలింత పథ్యం తింటున్నాను. నాకు పాలు పడేలా ఉన్నాయి. ఇవాళైనా కాస్త ఆవకాయ వెయ్యవే."

సుబ్బులు నవ్వలేదు. ఆవకాయ జాడీ తెచ్చి ఆయన పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి ఏడ్చింది. ఆయన జాడీ మూత పెట్టేసి, వెల్లుల్లి కారమే కలుపుకుని తిన్నాడు.

పేజీలో మాత్రం ప్రశ్నలు ఆగలేదు. హాసిని విడిగా మెసేజ్ పెట్టింది. "ఆంటీ, ఫొటో తీసేశారేంటి? దేదీప్య ఫోన్ లిఫ్ట్ చేయట్లేదు. అంతా ఓకేనా? ప్లీజ్ చెప్పండి." ఏ ప్రశ్ననీ జవాబు లేకుండా వదలని సుబ్బులు దాన్ని మూడుసార్లు చదివింది. ఆ పిల్ల కూడా ప్రేమతోనే అడుగుతోంది, తను ఫొటో పెట్టినంత ప్రేమతోనే. "అది నేను చెప్పాల్సిన మాట కాదమ్మా," అని రాసి ఊరుకుంది. భవితతో చెప్పి లేబుళ్ళ మీద పేర్లన్నీ తీయించేసింది. ఇక నుంచి ఒక అంకె, కారం ఎంతో, ఎన్నో రోజో, అంతే. రోజూ పొద్దున్న పొయ్యి వెలిగించే ముందు గడులన్నీ చదవడం మొదలుపెట్టింది. చదివితే తెలిసింది, ముప్ఫైమందిలో పదిమంది ఎప్పటినుంచో ఏవేవో రాస్తూనే ఉన్నారు. ఒకమ్మాయి కాకరకాయ వద్దని మూడుసార్లు రాసింది. ఇంకొకమ్మాయి, "ఏమీ లేదు ఆంటీ, ఊరికే. ఇంట్లో పగలంతా మాట్లాడేవాళ్ళు లేరు," అని రాసింది. సుబ్బులు ఆ పిల్లకి ఆ రోజే అరపేజీ జవాబు రాసింది.

ఎనిమిదో రోజు పదకొండున్నరకి చూస్తే బల్ల మీద డబ్బా లేదు.

సుబ్బులు బయటికి పరుగెత్తింది. పార్కింగ్ లాట్ అంతా ఖాళీ. పక్క షాపువాళ్ళు తీశారేమో, కుక్కేమైనా లాక్కుపోయిందేమో అని నాలుగు వైపులా వెతికింది. లోపలికి వచ్చి కూర తిప్పుతూనే ఫోన్ వైపు చూస్తూ ఉంది. కూర అడుగంటింది. మూడింటికి ఆర్డర్ మళ్ళీ తెరిచినట్టు కబురు వచ్చింది. కింద గడిలో ఒకే ఒక్క వాక్యం.

"కారం కొంచెం తక్కువ వేయండి ఆంటీ."

సుబ్బులు ఆ వాక్యాన్ని భర్తకీ, కూతురికీ, ఆ రోజు పప్పు తెచ్చిన కొట్టువాడికీ చదివి వినిపించింది. పేరు మాత్రం చెప్పలేదు. జవాబుగా "అలాగేనమ్మా" అని రాసింది. అంతకంటే ఏం రాసినా ఎక్కువైపోతుందనిపించింది.

అప్పటి నుంచి డబ్బా రోజూ మాయమయ్యేది. గడిలో అప్పుడప్పుడూ రెండు ముక్కలు వచ్చేవి. తెలగపిండి అంటే తమ వైపు తెలియదనీ, బాగుందనీ ఒకసారి. నిద్ర పట్టడం లేదని ఇంకోసారి. పుప్పొడి రాలడం ఆగి, ఎండలు ముదిరి, వేసవిలో పూసే క్రేప్ మర్టిల్ చెట్లు మొగ్గ తొడిగే దాకా అలాగే గడిచింది. బాబు మాట ఆమె ఎత్తలేదు, సుబ్బులూ ఎత్తలేదు.

ఒక శుక్రవారం పొద్దున్న సుబ్బులు కారులో కూర్చుని ఉంది. ఈశ్వరయ్య డబ్బాలు సర్దుతున్నాడు. ఫోన్ మోగింది. పేజీ కాదు, గడి. తెరిస్తే ఫొటో. కారు సీటులో బెల్టుల మధ్య గుప్పెడంత మొహం, కళ్ళ దాకా దిగిన నీలం టోపీ, టోపీ కింద ముడుచుకున్న పెదాలు. కింద ఇలా ఉంది: "ఇంటికి తీసుకెళ్తున్నాం ఆంటీ. మా అమ్మకీ, మీకూ తప్ప ఎవరికీ పంపలేదు. మీరూ ఎవరికీ చూపించకండి."

సుబ్బులు ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని చూసింది. చూసి, చూసి, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ ఆ మొహం చుట్టూ తిప్పి, కణతల మీద పెట్టుకుని మెటికలు విరిచింది. పదివేళ్ళూ పటపటమన్నాయి.

"ఏంటే అది, ఫోన్‌కి దిష్టి తీస్తున్నావ్?" అన్నాడు ఈశ్వరయ్య తలుపు తీస్తూ.

"ఏం లేదు. ఆర్డర్," అని ఫోన్ సంచిలో వేసి జిప్పు లాగేసింది.

"ఆర్డర్‌కి దిష్టేమిటి? ఎవరిది?"

"ఎవరిదో ఒకరిది. మీరు రోడ్డు చూసి నడపండి."

నలభై ఏళ్ళ కాపురంలో ఆయనకి చూపించకుండా ఆవిడ దాచుకున్నది అదొక్కటే. కళ్ళు మాత్రం దాచలేకపోయింది. ఆయన అటు చూసి, బండి తీశాడు.

దారిలోనే ఈశ్వరయ్య ఫోన్‌లోంచి భవితకి ఫోన్ చేసింది.

"ఆ ఏపెక్స్ ఆర్డర్ ఉంది చూడు, దానికి రేపు ఏ లేబుల్ వస్తుందే?"

"ఆగు... నలభై. లాస్ట్ బాక్స్. ఎల్లుండి ఆ ఆటోమేటిక్ ఈమెయిల్ వెళ్తుంది."

"ఆ ఈమెయిల్ ఆపెయ్. లేబుల్ మార్చు. మొదటి రోజు అని వెయ్యి."

"ఫస్ట్ డేనా? అదేంటి, బేబీ పుట్టి ఫార్టీ డేస్ అయ్యింది కదా? ఏమైంది అమ్మా? ఏదైనా న్యూస్ ఉందా?"

సంచిలో ఉన్న ఫొటోని సుబ్బులు పైనుంచే అరచేత్తో నొక్కి పట్టుకుంది.

"నేను చెప్తున్నాగా. మొదటి రోజు అని వెయ్యి. కారం తక్కువ."